ముందు లాట్ నంబరు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్

పాఠకుడి లేఖ:

నమస్కారమండీ. మాది గుంటూరు, మూడు తరాల మిర్చి వ్యాపారం. యార్డులో సరుకు కొనే భాగస్వామ్య సంస్థను నాన్నగారు చూస్తారు. కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని బాబాయిగారు చూస్తారు. తొడిమ తీసే యూనిట్, కారం మిల్లు, ఎగుమతులు నా బాధ్యత. ఖాతాలు ట్యాలీలో, నిల్వలు ఎక్సెల్‌లో, బేరాలు వాట్సాప్‌లో, అసలు వివరాలన్నీ మా గుమాస్తాగారి పుస్తకంలో ఉంటాయి. ఇప్పుడు మాకు మూడు కొటేషన్లు వచ్చాయి. ట్యాలీకే అదనపు మాడ్యూల్ చేసి ఇస్తామని ఒకరు, మా కోసమే ప్రత్యేకంగా ప్రోగ్రాం రాసి ఇస్తామని విజయవాడ కుర్రాళ్ల బృందం, అన్నిటికీ కలిపి ఈఆర్‌పీ (ఖాతాలు, నిల్వలు, తయారీ అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకోమని హైదరాబాద్ సంస్థ. ఈ మూడో వారు నెలాఖరులోపు సంతకం చేస్తే 20 శాతం తగ్గిస్తామంటున్నారు. బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేసే మా బావ "ముందు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ చేయించు" అంటున్నాడు. నాన్నగారేమో "పుస్తకం ఉండగా ఇవన్నీ ఎందుకు" అంటున్నారు. గత ఏడాది ఒక కంటైనర్ మీద ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ సరుకు ఏ లాట్లదో (ఒక్కో విడతగా కొన్న సరుకు ఒక్కో లాటు) తేల్చడానికి మాకు 9 రోజులు పట్టింది. మూడింటిలో ఏది కొనమంటారు?
(పేరు ప్రచురించవద్దని కోరారు)

సమాధానం:

మీ లేఖను రెండుసార్లు చదివాను. మూడు కొటేషన్ల గురించి వివరంగా రాసి, ఆ 9 రోజుల సంగతిని ఒక్క వాక్యంలో ముగించారు. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యమే మీ అసలు లేఖ. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే ఆ 9 రోజులు ఒక గంటకు తగ్గుతాయో చూసుకోవడమే మీ ముందున్న పని. అది తేలాలంటే, మూడు సంస్థల వారు చూపించే తెరలను పక్కన పెట్టి, ముందుగా మీ వ్యాపారాన్ని మీరే కాగితం మీదికి తెచ్చుకోవాలి. మీ బావగారు చెప్పింది ఇదే. ఆయన మాట సరైనదే గానీ, పెద్ద కంపెనీల్లో జరిగే తీరులో నెలల తరబడి సలహాదారులను పెట్టి వందల పేజీలు రాయించవలసిన అవసరం మీకు లేదు. మీకు మూడు నాలుగు పెద్ద కాగితాలు చాలు.

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అన్న పేరు భయపెట్టేలా ఉంటుంది కాబట్టి, దాని పుట్టుక గురించి రెండు మాటలు చెబుతాను. ఐబీఎంలో పనిచేసిన జాన్ జాక్‌మన్ 1987లో ఆ సంస్థ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఒక సంస్థ సమాచార వ్యవస్థను అర్థం చేసుకోవాలంటే ఏమిటి, ఎలా, ఎక్కడ అన్న ప్రశ్నలను యజమాని చూపు నుంచీ, తయారుచేసేవారి చూపు నుంచీ విడివిడిగా వేసుకోవాలని అందులో ప్రతిపాదించారు. 1992లో జాన్ సోవాతో కలిసి ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్న మిగతా మూడింటినీ చేర్చారు. 1995లో తొలి రూపం వెలువడిన టోగాఫ్ అనే పద్ధతి ఇదే పనిని వ్యాపారం, సమాచారం, సాఫ్ట్‌వేర్లు, సాంకేతిక వసతి అనే నాలుగు అంతస్తులుగా చూడమంటుంది. మన రాష్ట్ర ప్రభుత్వం ఈ-ప్రగతి పేరుతో తలపెట్టింది కూడా రాష్ట్ర స్థాయి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చరే. ఒక్కో శాఖ తనకు తోచిన సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటూ పోతే, ఒకే మనిషి వివరాలు పది చోట్ల పది రకాలుగా ఉండిపోతాయన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. మీ ఇంట్లో మూడు సంస్థలు, నాలుగు చోట్ల లెక్కలు ఉన్నాయి గనుక, చిన్న కొలతలో మీదీ అదే పరిస్థితి.

మీ బాబాయిగారి కోల్డ్ స్టోరేజీలో ఏ లాటు ఏ ఛాంబర్‌లో, ఏ అంతస్తులో, ఏ వరుసలో ఉందో తెలియకుండా ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా లోపలికి వెళ్లదు. సరుకు కన్నా ముందు చోటు నిర్ణయమవుతుంది. సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంతే: మీ వ్యాపారంలో ఏ పనికి చోటెక్కడో ముందు తెలిస్తే, ఏ సరుకు తెచ్చి అక్కడ పెట్టాలో ఆ తర్వాత తెలుస్తుంది.

మొదటి కాగితం మీద మీరు చేసే పనులు రాయండి. విభాగాల పేర్లు, మనుషుల పేర్లు కాకుండా పనులే రాయాలి. యార్డులో కొనడం, రకం చూసి వేరుచేయడం, నిల్వ చేయడం, తొడిమ తీయించడం, పొడి పట్టడం, పరీక్ష చేయించడం, ఎగుమతి పత్రాలు తయారుచేయడం, కమీషన్ ఏజెంట్లకు చెల్లించడం, హమాలీలకు కూలి లెక్క కట్టడం, బ్యాంకుకు నిల్వల పట్టిక ఇవ్వడం, పన్ను రిటర్నులు వేయడం, ఇలా ఇరవై ముప్పై తేలతాయి. ప్రతి దాని పక్కనా ఒక గుర్తు పెట్టండి. ఈ పని ఊళ్లో వ్యాపారులందరూ చేసే తీరులోనే మీరూ చేస్తారా, లేక మీరు చేసే తీరు వల్లనే కొనుగోలుదారు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తున్నాడా? జమాఖర్చులు, జీతాలు, జీఎస్టీ రిటర్నులు మొదటి కోవలోవి. వాటికి బజారులో దొరికే సాఫ్ట్‌వేర్‌ను యథాతథంగా తీసుకుని, అవసరమైతే మీ అలవాటునే మార్చుకోండి. అక్కడ మీకు తగ్గట్టు మార్పులు చేయించడం డబ్బు దండగ. ఏ లాట్లను ఏ పాళ్లలో కలిపితే కొనుగోలుదారు అడిగిన రంగు, ఘాటు వస్తాయో తెలియడం రెండో కోవలోది. అక్కడ సాఫ్ట్‌వేరే మీ పద్ధతికి ఒదగాలి. నేను చూసినంతలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఇన్‌వాయిస్ మీద లోగో ఎక్కడుండాలన్న దానికి వారాలు వెచ్చించి, లాట్లు కలిపే దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్ ఎలా ఇస్తే అలా సర్దుకుపోతారు.

రెండో కాగితం సమాచారానిది. మీ వరకు ఇది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం. మీ వ్యాపారానికి ప్రాణం లాటు. మామూలు నిల్వల సాఫ్ట్‌వేర్‌కు రకం, నాణ్యత, సంఖ్య కలిపి "తేజ, డీలక్స్, 1200 టిక్కీలు" అని చెబితే చాలు, అది లెక్క కట్టేస్తుంది. కానీ ఆ 1200 టిక్కీలు ఏడెనిమిది లాట్ల సరుకు కావచ్చు. కొన్ని ఏసీ కాయలు (కోల్డ్ స్టోరేజీలో ఉంచినవి), కొన్ని నాన్ ఏసీ కాయలు కావచ్చు. ఒక లాటులో తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎక్కువ తేలి ఉండవచ్చు. తొడిమ తీసే యూనిట్‌కు వెళ్లినప్పుడు ఒకే లాటు రెండు మూడుగా చీలుతుంది, బరువు తగ్గుతుంది. కారం మిల్లులో నాలుగైదు లాట్లు కలిసి ఒక్క బ్యాచ్ అవుతాయి. ఈ చీలడం, కలవడం రెండింటినీ గుర్తుపెట్టుకుని, కంటైనర్ నంబరు చెప్పగానే వెనక్కి నడిచి యార్డులో కొన్న తేదీ వరకు తీసుకెళ్లగలిగేదే మీకు పనికొచ్చే వ్యవస్థ. మీకు 9 రోజులు పట్టడానికి కారణం మీ మనుషుల అలసత్వం కాదు. లాటు గుర్తు మిల్లు గడప దగ్గర తెగిపోతోంది, అంతే.

ఒక్కో లాటు గురించి మూడు వేర్వేరు ప్రశ్నలకు సమాధానం ఉండాలి. అది ఎక్కడ ఉంది? అది ఎవరిది? దాని మీద ఇంకెవరికైనా హక్కు ఉందా? మీ కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకంతా మీది కాదు, రైతులదీ ఇతర వ్యాపారులదీ కూడా ఉంటుంది. మీ సరుకంతా మీ కోల్డ్ స్టోరేజీలోనే ఉండదు, సీజన్‌లో చోటు చాలక బయట కూడా పెడతారు. మీ సరుకులోనూ కొంత భాగం బ్యాంకు రుణానికి తాకట్టులో ఉంటుంది. "స్టాకు" అనే ఒకే గడిలో ఈ మూడింటినీ కుక్కే సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా కనిపించినా మీకు వద్దు. డెమో చూపించేవారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మా గోడౌన్‌లో ఉన్న పరాయి సరుకును, పరాయి గోడౌన్‌లో ఉన్న మా సరుకును వేర్వేరుగా చూపించండి." ఎంతో తయారై వచ్చిన వారు కూడా ఈ ప్రశ్న దగ్గర ఆగడం నేను చూశాను.

పరీక్ష ఫలితాలు కూడా లాటుకే అతుక్కుని ఉండాలి. ఎగుమతయ్యే మిర్చికి స్పైసెస్ బోర్డు ద్వారా అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషపదార్థం) పరీక్షలు ఉన్నాయని మీకు తెలుసు. యూరప్ దేశాలు ఎండుమిర్చిలో కిలోకు 5 మైక్రోగ్రాముల అఫ్లాటాక్సిన్ బీ1, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదంటాయి. ఆ బజారు వైపు వెళ్లాలనే ఆలోచన మీకు ఉంటే, పరీక్ష కాగితం ఒక ఫైలులో, లాటు మరో పుస్తకంలో ఉండే ఇప్పటి పద్ధతి మిమ్మల్ని మళ్లీ ఆ 9 రోజుల దగ్గరికే తెస్తుంది.

ఇదే కాగితం మీద, ఏ సమాచారానికి ఎవరు యజమానో కూడా రాయండి. ఒకే కమీషన్ ఏజెంటు ట్యాలీలో కొట్టు పేరుతో, ఎక్సెల్‌లో ఇంటిపేరుతో, గుమాస్తాగారి పుస్తకంలో ఊరి పేరుతో ఉంటాడు. టిక్కీ అంటే సుమారు 40 కిలోల పైచిలుకు అని అందరికీ తెలుసు గానీ, కాటా మీద వచ్చిన బరువు, కోల్డ్ స్టోరేజీ రసీదులోని బరువు, మిల్లుకు చేరిన బరువు మూడూ వేర్వేరుగా ఉంటాయి. వీటిలో దేని ప్రకారం చెల్లిస్తారు, దేని ప్రకారం నిల్వ లెక్కిస్తారు అన్నది సాఫ్ట్‌వేర్ వాళ్లు నిర్ణయించేది కాదు. నాన్నగారు, బాబాయిగారు, మీరు కూర్చుని తేల్చుకోవాలి. పేర్లను ఏకం చేసే ఈ శుభ్రపరిచే పని విసుగు పుట్టిస్తుంది. ఏ కొటేషన్‌లోనూ ఇది కనిపించదు, కానీ తర్వాత సగం గొడవలు దీని నుంచే పుడతాయి.

మూడో కాగితం మీద ఇప్పుడున్న వ్యవస్థలను పెట్టెలుగా గీయండి: కాటా, గుమాస్తాగారి పుస్తకం, ఎక్సెల్, ట్యాలీ, ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్, ఈ-వే బిల్లు, కస్టమ్స్ వారి ఐస్‌గేట్, బ్యాంకు. ఒకదాని నుంచి మరొకదానికి సమాచారం వెళ్లే ప్రతిచోటా బాణం వేసి, మనిషి మళ్లీ చేత్తో ఎక్కిస్తున్న బాణాలకు ఎర్ర సిరా వాడండి. ఎర్ర బాణాలు ఎక్కువగా ఉన్నచోటే మీ డబ్బు పెట్టాలి. చట్టం కోరేవాటిని కూడా ఇక్కడే గుర్తించండి. 5 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్నవారికి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయింది. బాబాయిగారి సంస్థ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గనుక, 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి సవరణ జాడనూ నమోదుచేసే, ఆ నమోదును ఆపడానికి వీలులేని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. నాన్నగారి భాగస్వామ్య సంస్థకు ఆ కంపెనీల నిబంధన వర్తించదు. ఒకే కుటుంబమైనా చట్టం దృష్టిలో మీవి వేర్వేరు సంస్థలు. ఒకదాని సరుకు మరొకదానికి వెళ్లినప్పుడు బిల్లు, అద్దె, కూలి సరిగా నమోదు కావాలి. "అన్నీ కలిపేస్తాం" అని ఉత్సాహపడేవారితో ఈ విషయంలో జాగ్రత్తగా ఉండండి.

సాంకేతిక వసతి గురించి ఎక్కువ చెప్పను. కోల్డ్ స్టోరేజీ లోపల ఫోన్ సిగ్నల్ అందుతుందా, నెట్ పోయినప్పుడు కాటా దగ్గర పని ఆగకుండా ఉంటుందా, తెర మీద తెలుగు కనిపిస్తుందా, మీ సమాచారాన్ని మీరు కోరినప్పుడు మొత్తంగా బయటికి తీసుకోగలరా అన్న నాలుగూ చూసుకుంటే చాలు. నాలుగోది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి.

ఇక నాన్నగారి మాట. దాన్ని పాతకాలపు అభ్యంతరంగా తీసుకోవద్దని నా మనవి. చాలా ఏళ్ల కిందట విజయవాడ ఆటోనగర్‌లో ఒక విడిభాగాల వ్యాపార సంస్థకు సాఫ్ట్‌వేర్ ఎంపికలో నేను సాయం చేశాను. విడిభాగాలన్నిటినీ తయారీదారు ఇచ్చిన నంబర్లతో పొందికగా ఎక్కించాం. కానీ కౌంటర్ దగ్గరికి వచ్చే మెకానిక్‌లు బండి పేరు, అది వచ్చిన ఏడాది చెప్పి భాగం అడుగుతారు. ఆ రెంటినీ కలిపే జ్ఞానం పాత గుమాస్తా పుస్తకంలో, చివరి పేజీల్లో, పెన్సిల్‌తో రాసి ఉంది. మేము ఆ పుస్తకం తెరిచి చూడలేదు. సాఫ్ట్‌వేర్ వచ్చాక కూడా దాదాపు రెండేళ్లు ఆ పుస్తకమే నడిచింది, జీతమిచ్చి ఒక మనిషితో రెండు చోట్లా రాయించవలసి వచ్చింది. ఆ తప్పు నాది. అందుకే చెబుతున్నాను: ఒక వారం పాటు మీ గుమాస్తాగారి పక్కన కూర్చోండి. ఆయన ప్రతి గీతను ఎందుకు గీస్తున్నారో, మార్జిన్‌లో పెట్టే చుక్కకు అర్థమేమిటో అడిగి రాసుకోండి. ఇన్నేళ్లుగా మీ సంస్థ ఆర్కిటెక్చర్‌ను నిలబెట్టింది ఆయనే. నాన్నగారికి కూడా, పుస్తకాన్ని తీసేయడం కోసం కాక అందులోది పోగొట్టుకోకుండా ఉండటం కోసమే ఈ పని చేస్తున్నామని అప్పుడు నమ్మకం కలుగుతుంది.

కాగితాలు సిద్ధమయ్యాక ముగ్గురినీ మళ్లీ పిలవండి. ఈసారి వారి డెమో వద్దు, మీ కథ వారికి ఇవ్వండి. యార్డులో రెండు లాట్లు కొన్నారు, ఒకటి ఏసీకి వెళ్లింది, రెండోది తొడిమ తీయించడానికి వెళ్లింది, రెండింటిలో కొంత కొంత మిల్లులో కలిసింది, ఒక భాగం పరీక్షలో తప్పింది, మిగతాది కంటైనర్‌లోకి ఎక్కింది, నెల తర్వాత ఫిర్యాదు వచ్చింది. మీ సొంత అంకెలతో, మీ ఎదురుగా, మొదటి నుంచి చివరి వరకు నడిపి చూపమనండి. "అది తర్వాత చేర్చుతాం" అన్నవన్నీ విడిగా రాసుకోండి, వాటి ధర కూడా అడగండి.

మీ లేఖలోని వివరాలను బట్టి నా మొగ్గు ఎటో దాచను. ఖాతాలకు ట్యాలీని ఉంచేయండి. మీ ఆడిటర్‌కూ సిబ్బందికీ అది అలవాటైన దారి, అక్కడ మీకు నొప్పి లేదు. నొప్పి లాట్ల దగ్గర ఉంది కాబట్టి, లాట్ల కోసం ఒక వ్యవస్థ తీసుకుని, దాని నుంచి ట్యాలీలోకి బిల్లులు వాటంతటవే వెళ్లే ఏర్పాటు చేసుకోండి. ట్యాలీ మాడ్యూల్ వారు లాట్లు చీలి కలిసే కథను పూర్తిగా నడిపించగలిగితే అదే చవక. నడిపించలేకపోతే ఈఆర్‌పీనే పరిశీలించండి గానీ, మొత్తం కాకుండా నిల్వలు, తయారీ భాగాలతో మొదలుపెట్టండి. ఈఆర్‌పీఎన్ఎక్స్‌ట్, ఓడూ, శాప్ బిజినెస్ వన్ వంటివాటిలో బ్యాచ్ నంబర్ల వసతి ఉంది, మీ పరాయి సరుకు ప్రశ్నకు అవి ఎంతవరకు ఒదుగుతాయన్నది మీ కథతోనే తేలాలి. విజయవాడ కుర్రాళ్ల ప్రతిభ మీద నాకు అనుమానం లేదు, వారు మీ మాటను అందరికన్నా బాగా వింటారు కూడా. కానీ ఇద్దరు ముగ్గురి తలల్లో మాత్రమే ఉన్న ప్రోగ్రాం మీద మూడు సంస్థలు ఆధారపడకూడదు. వారితోనే వెళ్లదలిస్తే, సోర్స్ కోడ్ (ప్రోగ్రాం అసలు రాత) మీ చేతికి రావాలని, మరొకరు చదివి అర్థం చేసుకునేంత వివరం రాసి ఇవ్వాలని, డబ్బు చివరి వాయిదా అది అందాకేనని ఒప్పందంలో రాయించండి.

ఎప్పుడు మారాలన్నది ఏది కొనాలన్నంత ముఖ్యం. అమెరికాలో చాక్లెట్లు తయారుచేసే హెర్షీ సంస్థ 1999లో ఒకేసారి మూడు పెద్ద సాఫ్ట్‌వేర్లకు మారింది. అది జరిగింది జూలైలో, అక్టోబరు చివర వచ్చే హాలోవీన్ పండుగకు ఆర్డర్లు పోటెత్తే సమయంలో. గోడౌన్లలో సరుకు ఉండి కూడా 10 కోట్ల డాలర్ల విలువైన ఆర్డర్లను సమయానికి పంపలేకపోయింది. మీకు ఫిబ్రవరి నుంచి మే దాకా ఊపిరి సలపదు. ఆ నెలల్లో కాటా దగ్గర కొత్త తెర పెట్టవద్దు. కోల్డ్ స్టోరేజీలు చాలావరకు ఖాళీ అయ్యి, కొత్త పంట ఇంకా రాని నవంబరు, డిసెంబరు నెలల్లో మారండి. అప్పుడు ఎక్కించవలసిన పాత లాట్లు అతి తక్కువగా ఉంటాయి, ఒక్కోదాన్ని కంటితో చూసి సరిపోల్చుకోవచ్చు. తొలి సీజన్‌లో పుస్తకం కూడా పక్కనే నడవనివ్వండి, ప్రతి శనివారం రెండింటి లెక్కలూ కలపండి.

నెలాఖరు తగ్గింపును వదిలేయండి. మీ కథను నడిపించి చూపిన తర్వాత కూడా ఆ సంస్థకు మీ పని కావాలనుంటే ధర మాట్లాడుకోవడానికి అప్పుడు కూడా వీలుంటుంది. కాగితాలు తయారయ్యాక వాటి ఫొటోలు నాకు పంపితే చూసి రాస్తాను. లాట్ల కాగితం మాత్రం మీరు శుభ్రంగా తిరగరాసింది కాకుండా, గుమాస్తాగారు తన చేత్తో రాసిందే పంపండి.